తీర్పు వచ్చాక బాధితుల ఇంట్లో ఏం జరుగుతుంది?

మీ నాన్నగారి మీద జరిగిన దాడి కేసులో వచ్చే వారం తీర్పు అన్నారు, ఆ తర్వాత ఏముంటుందని అడిగారు. మా అమ్మ చెయ్యి కత్తితో కోసి మెడలో గొలుసు తెంపుకుపోయిన కేసులో నాలుగేళ్లు కోర్టుకి తిరిగాను కాబట్టి తెలిసింది చెబుతున్నాను.

ముద్దాయికి ఏడేళ్లు పడింది. ఇక అయిపోయిందనుకున్నాం. మూడు నెలలు తిరక్కుండానే వాడు బస్టాండులో అమ్మకే ఎదురుపడ్డాడు. హైకోర్టులో అప్పీలు వేసి, అది తేలేదాకా శిక్ష నిలిపేయించుకుని బెయిలు మీద బయటికొచ్చాడట. సెషన్స్ కోర్టు వేసిన శిక్ష మీద హైకోర్టుకి వెళ్లడానికి 60 రోజుల గడువు ఉంటుంది. చట్ట ప్రకారం అది వాడి హక్కే, కాదనను. కానీ ఆ మాట ముందే మా చెవిన వేసినవాళ్లు ఒక్కరూ లేరు. అమ్మ నెల రోజులు గడప దాటలేదు.

అందుకని తీర్పు రోజే పీపీ గారిని (ప్రభుత్వం తరఫున కేసు వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని) అడగండి, అప్పీలు పడితే మాకెలా తెలుస్తుందని. హైకోర్టు కేసుల వివరాలు ఆన్‌లైన్‌లో ముద్దాయి పేరుతో వెతకొచ్చు. నేను వారానికోసారి చూసేవాణ్ణి. బయటికొచ్చి బెదిరిస్తే వెంటనే పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీ పీపీకి చేర్చండి. అలాంటి బెయిలు రద్దు చెయ్యమని కోర్టుని అడిగే అధికారం ఆయనకుంది.

ఒకవేళ కేసు కొట్టేస్తే? తీర్పు సర్టిఫైడ్ కాపీకి ఆ రోజే దరఖాస్తు పెట్టండి. నిర్దోషి అన్నా, చిన్న నేరం కింద శిక్ష వేసినా, పరిహారం తక్కువ ఇచ్చినా బాధితులే అప్పీలు చేసుకోవచ్చు. నిర్దోషి తీర్పు మీద బాధితులు అప్పీలుకి ముందుగా అనుమతి తెచ్చుకోనక్కర్లేదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. శిక్ష చాలలేదన్న ఒక్క కారణంతో మాత్రం మనం వెళ్లలేం, ప్రభుత్వమే వెళ్లాలి. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

డబ్బు సంగతి. జరిమానాలోంచి ఇమ్మన్న పరిహారం అప్పీలు తేలేదాకా చేతికి రాదు. దానికోసం కూర్చోకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థకి (ఉచిత న్యాయ సహాయం చేసే ప్రభుత్వ సంస్థ) వెళ్లండి. ప్రభుత్వ బాధితుల పరిహార పథకం కింద, ముద్దాయి నిర్దోషిగా విడుదలైపోయినా పరిహారం అడగొచ్చు. వాళ్లు రెండు నెలల్లో విచారణ ముగించాలని చట్టంలోనే ఉంది. మేం ఏడాది ఆలస్యంగా తెలుసుకున్నాం. కోర్టులో ఉన్న మీ వస్తువులేమైనా ఉంటే బాండు రాసిచ్చి తెచ్చుకోవచ్చు, గొలుసు మాకలాగే వచ్చింది.

ఇంకొకటి. తీర్పు రోజు సాయంత్రం నాన్నగారి దగ్గరే ఉండండి. అమ్మ దాడి జరిగిన రోజు కూడా అంతగా ఏడవలేదు, శిక్ష పడిన రాత్రి ఏడ్చింది. గెలిచాం కదా అని మేం సముదాయించబోయాం. ఆ మాట అనకుండా పక్కన కూర్చోవాల్సింది.