ల్యాండ్‌లైన్ తీసేయాలా వద్దా? ముందు ఇంట్లోకి వచ్చే వైర్ ఏదో చూడండి

మీరు అడిగింది ఏంటంటే, అమ్మానాన్న ఇద్దరే వైజాగ్ అక్కయ్యపాలెంలో సొంతింట్లో ఉంటున్నారు, మీరు మధురవాడ ఫ్లాట్‌కి మారిపోయారు, వాళ్లిద్దరికీ చెరో మొబైల్ ఉంది, ఇంక ల్యాండ్‌లైన్‌కి నెలనెలా బిల్లు కట్టడం దండగ కదా, తీసేయొచ్చా అని. తీయకండి, ఇది నా జవాబు. కాకపోతే ఊరికే ఉంచేసుకుంటే కూడా లాభం లేదు, ఎందుకో చెప్తా, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది సీతమ్మధార. మా ఇంట్లో నాన్నగారి టైమ్ నుంచీ ఫోన్ ఉంది, ఆ రోజుల్లో అప్లికేషన్ పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తే వచ్చిన కనెక్షన్ అది, దాంతో వీధిలో సగం ఇళ్లకి కాల్స్ మా ఇంటికే వచ్చేవి, పీపీ నంబర్ అని మాదే ఇచ్చుకునేవాళ్లు. రాత్రి పదకొండు దాటాక ఎస్టీడీ పావు రేటు అని మా మావయ్య ఆ టైమ్‌కి వచ్చి కూర్చుని ఢిల్లీలో ఉన్న వాళ్లబ్బాయితో మాట్లాడి వెళ్లేవారు. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న, కలకత్తా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు గారు ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌కి చేశారు. అది వచ్చాక కూడా చాలా ఏళ్లు మొబైల్ అంటే డబ్బున్నోళ్ల వస్తువే, ఇన్‌కమింగ్ కాల్‌కి కూడా మనమే కట్టాలి మరి. 2003లో ఆ ఇన్‌కమింగ్ చార్జీ పోయింది, అక్కడి నుంచి ల్యాండ్‌లైన్లు వరసపెట్టి తీయడం మొదలైంది. మా వీధిలో కూడా ఒక్కొక్కరూ తీసేశారు. మా అమ్మ మాత్రం ససేమిరా తీయనివ్వలేదు.

ఇక హుద్‌హుద్ తుఫాను సంగతి. మీరు వైజాగ్ వాళ్లే కాబట్టి వేరే చెప్పక్కర్లేదు, 2014 అక్టోబర్ 12, ఆదివారం, పూడిమడక దగ్గర తీరం దాటింది, గాలి గంటకి 180 కిలోమీటర్ల పైనే. పొద్దున్నే కరెంట్ పోయింది. మధ్యాహ్నం అయ్యేసరికి మొబైల్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటీ తగ్గిపోయి చివరికి ఏమీ లేదు. హాల్లో కిటికీ అద్దం పగిలి వాన మొత్తం లోపలికి కొడుతుంటే అమ్మ అన్నీ వదిలేసి ముందు ఆ ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, పైన తువ్వాలు కప్పి, గోడ అలమారా పై అరలో పెట్టింది, వైర్ అలా వేలాడుతూనే ఉంది. మర్నాడు పొద్దున్న వీధిలో చెట్లన్నీ అడ్డంగా పడున్నాయి, ఎవరు ఎలా ఉన్నారో ఎవరికీ తెలీదు, అప్పుడు అమ్మ రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, మాట్లాడకుండా నా చెవికి పెట్టింది. డయల్ టోన్ వస్తోంది! ఆ సౌండ్‌కి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నిజంగా చెప్తున్నా.

కాసేపట్లో వీధి మొత్తానికి తెలిసిపోయింది. "ఏటమ్మా, మీ ఫోను పన్జేస్తందా" అని గుమ్మం దగ్గర ఒకరి తర్వాత ఒకరు. ఇక్కడే ఇంకో కష్టం వచ్చిపడింది, వచ్చినవాళ్లలో చాలామందికి కన్నబిడ్డల నంబర్లు కూడా నోటికి రావు, అన్నీ మొబైల్‌లోనే ఉన్నాయి, మొబైల్‌కేమో చార్జింగ్ లేదు. ఎదురింటి పెద్దాయన ఇంటికి తిరిగెళ్లి, తడిసిపోయిన గోడ క్యాలెండర్ విప్పుకుని తెచ్చారు, దాని మీద పెన్నుతో రాసిన అమ్మాయి నంబర్ సిరా కొంచెం పాకి ఒక అంకె 3 అవునో 8 అవునో తెలీలేదు, రెండూ చేసి చూశాం, రెండోది కలిసింది. "నాన్నా" అని అటు నుంచి ఆ అమ్మాయి ఏడుపు మాకు కూడా వినపడింది. ఆ వీధి మొత్తం తరఫున ఆ ఒక్క తీగ పనిచేసింది.

అయితే ఇది విని ల్యాండ్‌లైన్ దేవుడు, మొబైల్ దండగ అనుకోకండి. పక్క వీధిలో స్తంభం కూలి వైర్ తెగిన ఇళ్లలో ల్యాండ్‌లైన్లూ పోయాయి. మాది బతకడానికి కారణం ఉంది. పాత ల్యాండ్‌లైన్ అంటే రెండు రాగి తీగలు, టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ నుంచి భూమిలో కేబుల్‌గా వచ్చి, రోడ్డు పక్కన పిల్లర్ బాక్స్‌లో పంచుకుని, ఆఖర్లో కొంచెం దూరం మాత్రం గాలిలో మన ఇంటికి వస్తాయి. ఫోన్‌కి కావలసిన కరెంట్ కూడా ఆ తీగల్లోనే ఎక్స్ఛేంజ్ నుంచి వస్తుంది, 48 వోల్టుల డీసీ, అక్కడ పెద్ద పెద్ద బ్యాటరీల బ్యాంక్ ఉంటుంది, దాని వెనక డీజిల్ జనరేటర్ ఉంటుంది. అందుకే మన ఇంట్లో కరెంట్ పోయినా ఫోన్‌కి పట్టదు. మొబైల్ టవర్‌కి కూడా బ్యాటరీ ఉంటుంది గానీ అది మామూలుగా కొన్ని గంటలకే సరిపోతుంది, తర్వాత డీజిల్ కావాలి, రోడ్లన్నీ చెట్లతో మూసుకుపోతే ఆ డీజిల్ ఎవరు తీసుకెళ్తారు? పైగా టవర్ అంటే ఎత్తులో గాలికి ఎదురుగా నిలబడేది, యాంటెన్నాలు కొంచెం పక్కకి తిరిగినా మన ఏరియాకి సిగ్నల్ రాదు.

ఇప్పుడు మీ విషయంలో అసలు ముఖ్యమైన పాయింట్. మీ అమ్మానాన్నల ఇంట్లో ఉన్న ల్యాండ్‌లైన్ పాత రాగి తీగదా, లేక ఇంటర్నెట్‌తో కలిపి ఇచ్చిన ఫైబర్ దా? ఈ మధ్య సిటీలో చాలా ఇళ్లకి ఫైబర్ వచ్చేసింది, నంబర్ అదే 0891 నంబర్, ఫోన్ కూడా అదే పాత ఫోన్ పెట్టుకోవచ్చు, బిల్లు మీద కూడా ల్యాండ్‌లైన్ అనే ఉంటుంది, కానీ పని చేసే పద్ధతి పూర్తిగా వేరు. ఫైబర్‌లో వచ్చేది వెలుతురు, గాజు తీగలో కరెంట్ రాదు. కాబట్టి గోడకి పెట్టిన మోడెమ్ డబ్బాకి మన ఇంటి కరెంటే కావాలి. కరెంట్ పోయిన క్షణం డబ్బా ఆరిపోతుంది, డబ్బాతో పాటు డయల్ టోనూ పోతుంది. అంటే దేని కోసమైతే ల్యాండ్‌లైన్ ఉంచుకోమని నేను చెప్తున్నానో ఆ గుణమే దాంట్లో లేదు! ఈ మాట కనెక్షన్ ఇచ్చేటప్పుడు పెద్దవాళ్లకి విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ, నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే వాళ్లు ఆ ఫోన్‌ని పాత నమ్మకంతోనే చూస్తుంటారు.

ఫైబర్ అయితే కంగారేం లేదు, రౌటర్ల కోసం చిన్న మినీ యూపీఎస్‌లు దొరుకుతున్నాయి, వెయ్యి నుంచి రెండు వేల రూపాయల్లో వస్తాయి, అరచేతిలో పట్టేంత ఉంటాయి, కొన్ని గంటలు లాగుతాయి. కొనే ముందు మోడెమ్ అడాప్టర్ మీద ఏం రాసుందో చూడండి, ఎక్కువగా 12 వోల్టులే ఉంటుంది, ఆంపియర్లు కూడా దానికి తగ్గకుండా ఉండాలి, పిన్ సరిపోవాలి. ఇంకోటి, మంచి ఫైబర్ లైన్‌లో ఎక్స్ఛేంజ్‌కీ ఇంటికీ మధ్య వెలుతురుని ఇళ్లకి పంచే, కరెంట్ అక్కర్లేని స్ప్లిటర్లే ఉంటాయి, కానీ కొన్ని చోట్ల కేబుల్ అతను అపార్ట్‌మెంట్ కిందో వీధి చివరో ఒక స్విచ్ డబ్బా పెట్టి అక్కడి నుంచి వైర్లు లాగుతాడు, ఆ డబ్బాకీ కరెంట్ కావాలి, అప్పుడు మన ఇంట్లో యూపీఎస్ పెట్టుకున్నా పని అవ్వదు. లైన్ వేసిన అతన్నే సూటిగా అడగండి, చెప్తాడు.

రాగి లైనే అయితే కార్డ్‌లెస్ ఫోన్ పెట్టకండి, పెట్టినా పక్కన ఒక మామూలు వైర్ ఫోన్ కూడా ఉంచండి. కార్డ్‌లెస్ బేస్‌కి ఇంటి కరెంట్ కావాలి, అది పోతే తీగలో ప్రాణం ఉన్నా చేతిలో ఫోన్ పలకదు. రాగి లైన్‌కి మన ఊళ్లో ఇంకో శత్రువు సముద్రపు గాలి. మా లైన్‌లో ఓసారి గరగరమని సౌండ్ వచ్చి అవతలి మాట వినపడకపోతే లైన్‌మన్ వచ్చాడు, నడుముకి రెండు క్లిప్పుల టెస్ట్ ఫోన్ వేలాడుతోంది, గోడ మీద చిన్న తెల్ల డబ్బా విప్పితే లోపల రాగి కొసలు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. బ్లేడుతో గీకి ఎర్రగా మెరిసేదాకా శుభ్రం చేసి, కొత్తగా మెలేసి, క్లిప్పులు తగిలించి టోన్ విని తలూపాడు. అంతే, గరగర పోయింది. వర్షాలకి ముందు ఒకసారి ఇలా చూపించుకుంటే మంచిది. రోడ్డు తవ్వకాల్లో కేబుల్ తెగితే మాత్రం మన చేతిలో ఏమీ లేదు, కొన్నాళ్లు ఆగాల్సిందే. కొన్ని ఏరియాల్లో రాగి లైన్లు తీసేసి ఫైబర్‌కి మారుస్తున్నారు కూడా, ఒకసారి సరెండర్ చేస్తే మళ్లీ రాగి లైన్ వస్తుందన్న ఆశ పెట్టుకోకండి.

మొబైల్ గురించి కూడా న్యాయంగా చెప్పాలి. బజార్లోనో గుడిలోనో పడిపోతే ఇంట్లో ఉన్న ల్యాండ్‌లైన్ ఏం చేస్తుంది? సింహాచలం మెట్లెక్కుతూ మా నాన్నగారికి కళ్లు తిరిగినప్పుడు జేబులో ఉన్న ఫోనే ఆదుకుంది. మీరు మధురవాడ నుంచి వీడియో కాల్‌లో అమ్మ ముఖం చూస్తే మాటల్లో దాచినా నీరసం తెలిసిపోతుంది, అది ల్యాండ్‌లైన్‌లో రాదు. బ్యాంకు ఓటీపీలు, పెన్షన్ మెసేజ్‌లు, అన్నీ దానికే. తుఫాను హెచ్చరికలు కూడా ఇప్పుడు మొబైల్‌కే నేరుగా పెద్ద మోతతో వస్తాయి, 2023లో టెస్ట్ చేసినప్పుడు అందరి ఫోన్లూ ఒక్కసారి మోగాయి కదా. సొంత కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే ఏ నెట్‌వర్క్ అందినా అత్యవసర నంబర్ 112 కలుస్తుంది. మాట క్లారిటీ కూడా, చాలామంది ల్యాండ్‌లైనే గొప్ప అంటారు గానీ పాత రాగి ఫోన్ మోసేది శబ్దంలో 300 నుంచి 3400 హెర్ట్జ్ (సెకనుకి కంపనాలు) వరకే, రెండు వైపులా 4జీ హెచ్‌డీ వాయిస్ కలిస్తే దాదాపు 7000 దాకా వస్తుంది, గొంతు ఎదురుగా ఉన్నట్టే ఉంటుంది. సిగ్నల్ బాగుంటేనే, అది వేరే సంగతి, మన ఊరు కొండల మధ్య ఊరు కదా, ఒక గదిలో నాలుగు గీతలుంటే పక్క గదిలో ఒక్కటీ ఉండదు.

కానీ పెద్దవాళ్ల చేతిలో మొబైల్ ఎలా ఉంటుందో దగ్గరుండి చూసినవాళ్లకే తెలుస్తుంది. మా అమ్మకి చేతి వేళ్లు పొడిబారి టచ్ ఒక్కోసారి తీసుకోదు, ఆకుపచ్చ గుండ్రాన్ని పైకి తోయాలో పక్కకి తోయాలో ఫోన్ మారినప్పుడల్లా మారిపోతుంది, ఎత్తేలోపు కట్ అయిపోతుంది. ఎక్కడో నొక్కుకుని సైలెంట్‌లో పడితే మధ్యాహ్నం నుంచి రాత్రి వరకూ మా చెల్లి కాల్స్ మోగనే మోగలేదు, ఇక్కడ మేం గుండెలు పట్టుకుని కూర్చున్నాం, చివరికి ల్యాండ్‌లైన్‌కి చేస్తే రెండో రింగ్‌కే "ఏవే, అన్నం తిన్నావా" అని ఎత్తింది. ఆ ఫోన్ ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది, చార్జింగ్ అయిపోదు, వంటింట్లో మిక్సీ తిరుగుతున్నా దాని మోత వినపడుతుంది. రాత్రి లైట్ లేకుండా తడుముకుంటూ వెళ్లినా చేయి దాని మీద పడుతుంది, 108కి మూడు బటన్లు నొక్కాలంటే కళ్లద్దాలు కూడా అక్కర్లేదు. నాకు ఖర్చు కన్నా ఇదే పెద్ద విషయం.

కాబట్టి రెండూ ఉంచండి, రెండింటికీ వేరే వేరే పనులు అప్పజెప్పండి. ఇద్దరి మొబైల్స్‌లో రెండు వేరే కంపెనీల సిమ్‌లు పెట్టండి, ఇద్దరిదీ ఒకే నెట్‌వర్క్ అయితే పోయినప్పుడు ఇద్దరిదీ ఒకేసారి పోతుంది. నంబర్ మారకుండా కంపెనీ మార్చుకునే వీలు 2011 నుంచీ ఉంది, అందుకని నంబర్ పోతుందన్న బెంగ లేదు. ల్యాండ్‌లైన్ పక్కన గోడకి ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో మీ నంబర్, మీ తోబుట్టువులది, డాక్టర్‌ది, పక్కింటివాళ్లది, 108, 112 రాసి పెట్టండి, సిరా పెన్నుతో వద్దు, నీళ్లకి చెరగని మార్కర్‌తో రాయండి. మొబైల్ నంబర్ల ముందు సున్నా కూడా కలిపే రాయండి, 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లో మొబైల్‌కి చేయాలంటే ముందు 0 తప్పనిసరి, చాలామంది పెద్దవాళ్లకి ఇది తెలీక, కలవట్లేదు అని ఫోన్ పెట్టేస్తున్నారు.

ఈ ఆదివారం వెళ్లినప్పుడు ఒక పని చేయండి. ఎవరైనా మెట్లెక్కుతుంటేనో లిఫ్ట్‌లో ఉంటేనో కాకుండా, తీరిగ్గా చూసుకుని ఇంటి మెయిన్ ఆఫ్ చేయండి, ఇన్వర్టర్ ఉంటే అదీ ఆఫ్ చేయండి, అప్పుడు అమ్మగారిని ల్యాండ్‌లైన్ ఎత్తి అట్ట చూసి మీ మొబైల్‌కి చేయమనండి. మీ ఫోన్ మోగితే లైన్ అలాగే ఉంచి బిల్లు కడుతూ ఉండండి. మోగకపోతే అది ఫైబరో, కార్డ్‌లెస్సో అయ్యుంటుంది, యూపీఎస్ గానీ వైర్ ఫోన్ గానీ తెచ్చి తగిలించి మళ్లీ ఒకసారి ఇదే టెస్ట్ చేయండి. తుఫాన్ల సీజన్ అక్టోబర్, నవంబర్‌లో కదా, అంతకు ముందే చేసేయండి.