బ్రేకు ముందా, ఏసీ ముందా?

ప్రశ్న: కారులో బ్రేకు, ఏసీ, డోర్లు అన్నీ ఒకే తీగ మీద మెసేజ్‌లు పంపుకుంటాయట. ఒకేసారి రెండు వస్తే ఏది ముందు వెళ్తుంది? స్పీడ్ పెంచేస్తే సరిపోదా సార్?
– ఇంజినీరింగ్ విద్యార్థి, విజయనగరం

జవాబు: సరిపోదండీ. మీ ఊరి సిరిమాను జాతర రోజు మూడు లాంతర్ల కూడలి దగ్గర అంబులెన్స్ మామూలుగా ఎంత తొందరగా వెళ్తుందన్నది కాదు, ఎంత జనం ఉన్నా ఇన్ని నిమిషాల్లో దాటిస్తామని ముందే చెప్పగలమా అన్నదే లెక్క. రియల్ టైమ్ నెట్‌వర్క్ అంటే అదే.

మీరడిగిన తీగ పేరు క్యాన్ బస్, బాష్ కంపెనీ 1986లో బయటపెట్టింది. ప్రతి మెసేజ్‌కీ ముందు మామూలుగా 11 బిట్ల (0 లేదా 1 అంకెల) నంబరు ఉంటుంది. రెండూ ఒకేసారి మొదలైతే ఒక్కో బిట్ దగ్గరా పోటీ: ఒకటి 0, ఇంకోటి 1 పెడితే తీగ మీద 0 మాత్రమే కనిపిస్తుంది, 1 పెట్టింది అది గమనించి అక్కడికక్కడే ఆగిపోతుంది, గెలిచింది మాత్రం ఒక్క బిట్ కూడా పోగొట్టుకోకుండా సాగిపోతుంది. ఇందులో నాకు బాగా నచ్చేది ఇదే. అంటే చిన్న నంబరే ముందు వెళ్తుంది, కాబట్టి గడువు తక్కువున్న మెసేజ్‌కి చిన్న నంబరివ్వాలి.

చిక్కల్లా, తీగ ఎక్కేసిన మెసేజ్‌ని మధ్యలో దించలేం. సెకనుకి 5 లక్షల బిట్ల వేగంలో 8 బైట్ల ఏసీ మెసేజ్ నంబరు, అదనపు బిట్లు అన్నీ కలిపి మహా అయితే 135 బిట్లు, అంటే 270 మైక్రోసెకన్లు. బ్రేకు మెసేజ్ లెక్కలో ఆ ఎదురుచూపు కూడా కలపాలి. ప్రాసెసర్ మీద పనులన్నీ గడువులోపు అవుతాయా అని చూడటానికి 1973లో లియూ, లేలాండ్ అనే పరిశోధకులు ఇచ్చిన సూత్రాల్లో ఈ ఆలస్యం లేదు, కాబట్టి ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ వాడేయకండి.

స్విచ్‌లు (మెసేజ్‌లను అందుకుని ముందుకు పంపే పెట్టెలు) ఉన్న పెద్ద నెట్‌వర్క్‌లో అయితే దారిలో ప్రతి స్విచ్ దగ్గరా పడే గరిష్ఠ ఆలస్యాన్ని కూడాలి. ఒక్కోసారి రద్దీ లేని చుట్టుదారే గడువులోపు చేరుస్తుంది.