ఉన్నవాళ్లు లేనివాళ్లకు ఇవ్వడం దయా, బాధ్యతా?

కష్టపడి సంపాదించుకున్న డబ్బు మీద ఇంకొకరికి హక్కేంటి, ఇవ్వడం దయ అవుతుంది గానీ బాధ్యత ఎలా అవుతుందని అడిగారు. అప్పులున్నవాళ్లు కూడా ఇవ్వాలా అనీ అడిగారు. నా మటుకు నాకు అది బాధ్యతే. ఎందుకో చెప్పాలంటే నా చదువు సంగతి చెప్పాలి.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకాయన వచ్చి పేద పిల్లలకు బ్యాగులు పంచారు. నా పేరు మైకులో పిలిచారు. బ్యాగు ఒక పట్టీ ఆయన చేతిలో, ఇంకోటి నా చేతిలో. ఫొటో సరిగ్గా రాలేదని మళ్లీ తీశారు. అప్పటిదాకా ఆయన పట్టీ వదల్లేదు. కింద మా క్లాసంతా చూస్తోంది. బ్యాగు మంచిదే, మూడేళ్లు వాడాను. కానీ ఎదుట కూర్చున్నవాళ్లకీ నాకూ తేడా ఉందని మొదటిసారి తెలిసింది ఆ రోజే.

తర్వాత కాలేజీలో ఫీజు గడువు దాటిపోయింది. చదువు మానేస్తున్నానని చెప్పడానికి ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్తే, గుమాస్తా రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే "నీది కట్టేశారు, సంతకం పెట్టి రసీదు తీసుకో" అన్నారు. ఎవరు కట్టారంటే, చెప్పొద్దన్నారట. ఇప్పటికీ నాకు తెలియదు.

నా పక్క బెంచీ అమ్మాయికి లెక్కలు నాకన్నా బాగా వచ్చేవి. నాకు అర్థం కానివి తనే చెప్పేది. తన ఫీజు ఎవరూ కట్టలేదు, ఆ ఏడాదే మానేసింది. ఇవాళ నన్ను చూసి "కష్టపడి పైకొచ్చాడు" అని ఎవరైనా అంటే నాకు ఆమే గుర్తొస్తుంది. కష్టం ఇద్దరం పడ్డాం. తేడా ఒక్క రసీదు. అందుకే నా సంపాదనంతా నా ఒక్కడిదే అనుకోలేను.

లోకం లెక్క చూసినా అంతే. 2022 ప్రపంచ అసమానతల నివేదిక ప్రకారం పైనున్న 10 శాతం మంది చేతిలో 76 శాతం సంపద ఉంది. కింది సగం జనాభా అంతటికీ కలిపి 2 శాతమే. మనిషికి సగటున చూస్తే 190 రెట్లు తేడా. కష్టంలో అంత తేడా ఉండదు. ఆస్తి ఉన్నవాడికి అద్దె, వడ్డీ వస్తూనే ఉంటాయి, లేనివాడు కట్టే వడ్డీ కూడా అటే పోతుంది.

ఇవ్వడం బాధ్యతన్న మాట కొత్తది కూడా కాదు. ఇస్లాంలో జకాత్ అనే దానం ఇష్టమైతే చేసేది కాదు, తప్పనిసరి విధి. ఒక పరిమితికి మించి ఏడాదిపాటు నిలవున్న డబ్బూ బంగారం మీద 2.5 శాతం ఇవ్వాలి. ఖురాన్ కూడా అడిగేవాళ్లకీ లేనివాళ్లకీ ఆ సొమ్ములో హక్కుందనే అంటుంది. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడిస్ దానానికి 8 మెట్లు చెప్పాడు. అన్నిటికన్నా పైది, మళ్లీ చేయి చాచక్కర్లేకుండా మనిషిని తన కాళ్ల మీద నిలబెట్టడం. దాని తర్వాతది, ఇచ్చినవాళ్లెవరో పుచ్చుకున్నవాళ్లకీ, పుచ్చుకున్నవాళ్లెవరో ఇచ్చినవాళ్లకీ తెలియకపోవడం. అది చదివినప్పుడు ఆ ఆఫీసు కిటికీ కళ్లముందు మెదిలింది.

ఉన్నవాళ్లు దానాలు చేస్తున్నారు కాబట్టి వాళ్ల మీద పన్నులు తగ్గించొచ్చన్న వాదన మాత్రం ఒప్పుకోను. దాత తన మనసుకు నచ్చినదానికే ఇస్తాడు. మురుగు కాలవలు బాగుచేయడానికి విరాళాలు రావు.

నా సంగతంటారా, జీతం పడిన రోజే 10 శాతం వేరే ఖాతాలోకి వేస్తాను. మొదలుపెట్టింది 3 శాతంతో. నెలాఖరుకి మిగిలితే ఇద్దామనుకున్న రోజుల్లో ఏ నెలా మిగల్లేదు. ఇంట్లో ఆపరేషన్ జరిగిన ఏడాది పూర్తిగా ఆపేశాను, తప్పుగా అనిపించలేదు. ఆ డబ్బుతో కాలేజీ ఆఫీసులోనే ఫీజు కట్టేసి పేరు చెప్పొద్దంటాను. ఎవరికి అవసరమో లెక్చరర్లే చూస్తారు.

ఇక అప్పుల్లో ఉంటే ముందు అవి తీర్చుకోండి, టెన్షన్ పడుతూ ఇవ్వక్కర్లేదు. మా ఇంటి అప్పు తీరేదాకా నేనూ ఎవరికీ పైసా ఇవ్వలేదు. చివరి వాయిదా కట్టిన నెలలోనే మొదటి ఫీజు కట్టాను.