కొండ మీద హట్‌లో ఒక రాత్రి: బుక్ చేసే ముందు ఈ నాలుగు మాటలు

"లేక్స్ ఆఫ్ ది క్లౌడ్స్ హట్‌లో ఆగస్టు శనివారానికి నాలుగు బంకులు (ఒకదానిపై ఒకటి ఉండే పడకలు) దొరికాయండీ, పిల్లల్ని తీసుకుని వెళ్లొచ్చా?" అని బోస్టన్‌కి కొత్తగా వచ్చిన ఒకాయన అడిగారు. వెళ్లొచ్చు. కానీ ఇదే మీ మొదటి హట్ అయితే మాత్రం నేను వద్దనే అంటాను.

న్యూ హాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్‌లో అపలాచియన్ మౌంటెన్ క్లబ్ వాళ్లవి, కొండెక్కేవాళ్లు రాత్రి బస చేసే ఎనిమిది హట్లున్నాయి. అన్నిటికన్నా ఎత్తున ఉన్నది ఆయన అడిగిన లేక్స్ ఆఫ్ ది క్లౌడ్సే. 5,000 అడుగుల పైన, చెట్లు దాటిపోయాక, మౌంట్ వాషింగ్టన్ భుజం మీద ఉంటుంది. మొదటిసారికి లోన్సమ్ లేక్ హట్ చూడండి. నడక 1.6 మైళ్లే, దారంతా అడవిలోనే. జీలాండ్ ఫాల్స్ హట్‌కి 2.8 మైళ్లు, చివర్లో తప్ప పెద్దగా ఎక్కుడు లేదు. పిల్లలకి ఆ రెండూ హాయి.

లేక్స్‌కే వెళ్తామంటే అమనూసక్ రవీన్ ట్రెయిల్ దగ్గరి దారి. 3.1 మైళ్లేగా అనిపిస్తుంది, కానీ అందులో 2,500 అడుగులు ఎక్కాలి. మైలుకి అరగంట, ప్రతి వెయ్యి అడుగుల ఎక్కుడికి ఇంకో అరగంట, ఇదీ ఇక్కడివాళ్ల లెక్క. ఆ ప్రకారం మూడు గంటలకి కాస్త తక్కువ. పిల్లలుంటే ఐదు గంటలు వేసుకోండి. రాత్రి భోజనం ఆరింటికే. ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే వస్తాయి కాబట్టి పొద్దున్నే బయల్దేరడం అన్ని విధాలా మంచిది.

ఎక్కువమంది పొరబడేది వాతావరణం దగ్గరే. కింద ఊళ్లో ఎండ చూసి బయల్దేరతారు. 1934లో గంటకి 231 మైళ్ల గాలి నమోదైన శిఖరం మౌంట్ వాషింగ్టన్. 1900 జూన్ 30న, వేసవిలోనే, కర్టిస్, ఆర్మ్స్‌బీ అనే అనుభవమున్న ఇద్దరు నడకదారులు ఇదే కొండ మీద, క్రాఫర్డ్ పాత్ అనే దారిలో తుపానుకి చిక్కి చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ తలదాచుకునే చోటు కట్టాలన్న ఆలోచన వచ్చింది. హట్ 1915లో వెలిసింది. అందుకే ముందురోజు రాత్రీ, బయల్దేరే ముందూ మౌంట్ వాషింగ్టన్ అబ్జర్వేటరీ ఇచ్చే ఎత్తు శిఖరాల వాతావరణ సూచన చదవండి. ఊరి వాతావరణం చూపించే యాప్ ఇక్కడ పనికిరాదు.

మా మొదటిసారి జీన్స్, కాటన్ టీషర్టులతో వెళ్లాం. చెట్లు దాటేసరికి వాన, గాలి. మా అమ్మాయికి పళ్లు టకటకలాడి మాట తడబడింది. ఇంకో అరమైలులో హట్, డబ్బు కట్టేశాం, తిరిగి వెళ్లడానికి మనసొప్పలేదు. చేరాం గానీ, ఆ అరమైలు గుర్తొస్తే ఇప్పటికీ గుండె జారుతుంది. కట్టిన డబ్బు పోతే పోనివ్వండి, అలాంటప్పుడు వెనక్కి తిరగండి.

సంచిలో ఒంటిమీదవి కాక పొడి బట్టలు ఒక జత, ఉన్ని టోపీ, గ్లవ్స్, వాన కోటు, తలకి కట్టుకునే లైటు ఆగస్టులో కూడా ఉండాల్సిందే. హట్‌లో దుప్పటి, దిండు ఇస్తారు. లోపల దూరి పడుకోవడానికి పల్చటి గుడ్డ సంచి, అంటే స్లీపింగ్ బ్యాగ్ లైనర్, తీసుకెళ్లండి. స్నానం లేదు, ఫోన్ చార్జింగ్ లేదు. మీ చెత్త మీరే కిందికి మోయాలి. ఒకే గదిలో తెలియనివాళ్లతో పడుకోవాలి కాబట్టి చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు మర్చిపోకండి. శాకాహారులైతే బుకింగ్ అప్పుడే చెప్పండి. పైకి వెళ్లాక చెబితే వంటవాళ్లకి ఇబ్బంది.

హైక్ సేఫ్ కార్డు కూడా తీసుకోండి. ఏడాదికి ఒకరికి 25 డాలర్లు, కుటుంబానికి 35. నిర్లక్ష్యం వల్ల మీకోసం రక్షణ బృందం రావాల్సి వస్తే ఆ ఖర్చు మీ మీద వేసే అధికారం రాష్ట్రానికి ఉంది. కార్డు ఉంటే, మరీ తెగించి చేసింది కాకపోతే, ఆ బిల్లు తప్పుతుంది.

మర్నాడు దిగేటప్పుడు రాత్రి వాన పడి ఉంటే అమనూసక్ రవీన్ దారిలో బండలు పాచిపట్టినట్టు జారతాయి. ఇంకో దారైన జూయెల్ ట్రెయిల్ మెల్లగా దిగుతుంది, కానీ పైభాగమంతా చెట్టు నీడ లేని దారి, ఉరుములుంటే దాని జోలికి పోవద్దు. ఏ దారో తేలకపోతే టిఫిన్ దగ్గర హట్ పనివాళ్లని అడగండి. పొద్దునే ఆరోజు సూచన అందరికీ చదివి వినిపించేది వాళ్లే.