టెక్ సందేహాలు: డీవీఆర్‌లో 4కే పెట్టగానే టీవీ నల్లబడింది!

ప్రశ్న: ఇంటి చుట్టూ నాలుగు సీసీ కెమెరాలు పెట్టించాం. బిగించినవాళ్లు డీవీఆర్‌ను (కెమెరాల బొమ్మను రికార్డు చేసే పెట్టె) హాల్లో ఉన్న 32 అంగుళాల టీవీకి వీజీఏ వైరుతో కలిపి వెళ్లారు. బొమ్మ మసకగా ఉందని నేను హెచ్‌డీఎంఐ కేబుల్ కొని, మెనూలో రిజల్యూషన్‌ను (బొమ్మలోని చుక్కల లెక్క) 4కేకి మార్చాను. అప్పటి నుంచి టీవీలో ‘నో సిగ్నల్’ తప్ప ఏమీ రావడం లేదు. డీవీఆర్ పాడైందా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పాడవలేదు, టెన్షన్ పడకండి. రికార్డింగ్ కూడా లోపల మామూలుగానే నడుస్తూ ఉంటుంది. డీవీఆర్ ఇప్పుడు 3840×2160 బొమ్మ పంపుతోంది, మీ టీవీ దాన్ని తీసుకోలేకపోతోంది. అంతే. 32 అంగుళాల టీవీల్లో చాలావరకు హెచ్‌డీ రెడీ రకమే. వాటి తెర 1366×768. హెచ్‌డీఎంఐలో 1080పి (1920×1080) వస్తే తమంతట తామే కుదించుకుని చూపిస్తాయి. 4కే వస్తే చేతులెత్తేస్తాయి.

ముందు పాత వీజీఏ వైరు మళ్లీ పెట్టి చూడండి. కొన్ని డీవీఆర్‌లు వీజీఏకి వేరే రిజల్యూషన్ పంపుతాయి కాబట్టి మెనూ కనిపించవచ్చు. లేదంటే 4కే టీవీ ఉన్న చుట్టాలింటికి డీవీఆర్ పట్టుకెళ్లి, అక్కడ 1920×1080కి మార్చి తెచ్చుకోండి. కొన్ని మోడళ్లలో మౌస్ మధ్య చక్రాన్ని కాసేపు నొక్కి పట్టుకున్నా రిజల్యూషన్ మామూలుకి వస్తుంది. మీ దాంట్లో ఆ సదుపాయం ఉందేమో మాన్యువల్‌లో చూడండి. ఫ్యాక్టరీ రీసెట్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లొద్దు. కెమెరా సెట్టింగులన్నీ మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సి వస్తుంది.

ఇక మసక సంగతి. దానికి మొదటి కారణం బిగించినవాళ్ల బద్ధకమే అయి ఉండొచ్చు. చాలా డీవీఆర్‌లు పెట్టెలోంచి తీసినప్పుడు 1024×768 లేదా 1280×1024లో ఉంటాయి, వాటిని అలాగే వదిలేస్తారు. తెరమీద బొమ్మ సాగదీసినట్టు కనిపిస్తుంటే అదే కారణం కావచ్చు. రెండోది, నాలుగు కెమెరాలను ఒకేసారి చూడటం. 1080పి తెరలో ఒక్కో గడికి దక్కేది 960×540. మీ టీవీలో అయితే 683×384. అందులో బండి నంబరు చదవాలంటే ఎలా? ఆ గడి మీద డబుల్ క్లిక్ చేసి తెర నిండా తెచ్చుకుని, అప్పుడు చూడండి.

చాలామంది తికమకపడేది ఇక్కడే: డిస్‌ప్లే మెనూలోని రిజల్యూషన్ టీవీకి పంపే బొమ్మది మాత్రమే. రికార్డయ్యే దాని నాణ్యత కెమెరా లేదా రికార్డింగ్ మెనూలో విడిగా ఉంటుంది. అక్కడ ‘1080పి లైట్’ అని ఉంటే, వెడల్పులో సగం చుక్కలు తగ్గించి 960×1080గా దాస్తోందని అర్థం. డీవీఆర్ ఒప్పుకుంటే దాన్ని పూర్తి 1080పికి మార్చండి. హార్డ్ డిస్క్ త్వరగా నిండుతుంది, కానీ రేపు దొంగ ముఖం చూడాల్సి వస్తే పనికొచ్చేది ఆ రికార్డింగే. టీవీకి ఎంత ఖరీదైన కేబుల్ పెట్టినా, రికార్డు కాని ముఖం కనిపించదు.

అంచుల్లో తేదీ, టైము తెగిపోతుంటే తప్పు డీవీఆర్‌ది కాదు. టీవీ పిక్చర్ సైజులో ‘జస్ట్ స్కాన్’ లేదా ‘స్క్రీన్ ఫిట్’ ఎంచుకోండి.

డీవీఆర్ పై అంతస్తులో, టీవీ కింద ఉంటే మాత్రం కేబుల్ గురించి ఆలోచించాలి. మామూలు రాగి హెచ్‌డీఎంఐ కేబుల్ 10 మీటర్ల దాకా 1080పిని ఇబ్బంది లేకుండా మోస్తుంది. ఆపైన బొమ్మలో చుక్కలు మెరవడం, తెర ఆరి వెలగడం మొదలవ్వొచ్చు. అప్పుడు క్యాట్ 6 నెట్‌వర్క్ వైరు మీద పనిచేసే హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ గానీ, ఫైబర్ హెచ్‌డీఎంఐ కేబుల్ గానీ తీసుకోండి. ఫైబర్ కేబుల్‌కి ఒక కొస డీవీఆర్‌కే, రెండోది టీవీకే. తిప్పి పెడితే పనిచేయదు. గోడలోకి దించేముందే చూసుకోండి.

ప్రశ్న: మా పెళ్లి వీహెచ్‌ఎస్ క్యాసెట్ ఉంది, వీసీఆర్ కూడా పనిచేస్తోంది. కొత్త టీవీకి పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల కన్నాలే లేవు. ఎలా?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: టీవీ వెనక ‘ఏవీ ఇన్’ అని రాసి ఉన్న చిన్న గుండ్రటి కన్నం ఉందేమో చూడండి. ఉంటే ఆ టీవీ కంపెనీ అడాప్టరే తీసుకోండి. బయట దొరికేవాటిలో పిన్నుల వరస తేడాగా ఉండి, బొమ్మ రాకుండా గుర్రుమనే చప్పుడు వస్తుంది. ఆ కన్నం కూడా లేకపోతే ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ కన్వర్టర్ కావాలి. షాపులో అచ్చం అలాగే ఉండే ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’ అంటగడతారు, అది దీనికి పనికిరాదు.

కన్వర్టర్ మీద 720, 1080 అని స్విచ్ ఉంటుంది. ఎటు ఉన్నా ఫర్వాలేదు, క్యాసెట్‌లో లేని వివరం పుట్టుకురాదు. టీవీలో మాత్రం 4:3 పెట్టండి, లేకపోతే పెళ్లికొడుకు రెండింతలు కనిపిస్తాడు. అమెరికా నుంచి బంధువులు పంపిన క్యాసెట్లు కూడా ఉంటే అవి అక్కడి టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీవి. మన పాల్ పద్ధతి వీసీఆర్ వాటిని కూడా ఆడిస్తుందో లేదో ముందే చూసుకోండి.

ప్రశ్న: రికార్డింగ్ ఉన్న హెచ్‌డీ సెట్ టాప్ బాక్స్‌కి 8కే కేబుల్ కొనమంటున్నారు. కొననా?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: వద్దు. మన హెచ్‌డీ చానళ్లు వచ్చేదే 1080ఐలో. బాక్స్‌తో వచ్చిన కేబుల్ చాలు. అది పోతే ‘హై స్పీడ్’ అని రాసి ఉన్న రెండు మీటర్లలోపు కేబుల్ కొనుక్కోండి. బంగారు పూత ఉందా లేదా అన్నది పట్టించుకోకండి.