పాఠకుల ప్రశ్నలకు జవాబులు: పారిశ్రామికవేత్తలను తరగతి గదిలో తయారుచేయగలమా?

ప్రశ్న: పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో అధ్యాపకురాలిగా పనిచేస్తున్నాను. ఈ సెమిస్టర్ నుంచి మూడో సంవత్సరం విద్యార్థులకు ఆంట్రప్రెన్యూర్‌షిప్ బోధించే బాధ్యత నాకు అప్పగించారు. సిలబస్‌లో నిర్వచనాలు, పారిశ్రామికవేత్తకు ఉండాల్సిన లక్షణాలు, ప్రభుత్వ పథకాల జాబితా, చివర ఒక ప్రాజెక్టు నివేదిక ఉన్నాయి. వ్యాపారం చేసే తెగువ పుట్టుకతో రావాలే గాని పాఠాలతో వస్తుందా అని తోటి అధ్యాపకులు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: మీ తోటివారి సందేహానికి సమాధానం మీ పొరుగునే ఉందండీ. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ సరిగ్గా ఇదే ప్రశ్నతో 1964లో కాకినాడ చిన్న వ్యాపారులకు శిక్షణ ఇప్పించారు. సుమారు యాభై మంది వ్యాపారులు జట్లుగా హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థకు, అంటే నేడు యూసుఫ్‌గూడలో ఎన్ఐ-ఎంఎస్ఎంఈ పేరుతో ఉన్న జాతీయ సంస్థకు వచ్చి, దాదాపు పది రోజుల పాటు అక్కడే ఉండి శిక్షణ పొందారు. పోల్చి చూడటానికి, అటువంటి శిక్షణ అందని రాజమండ్రి వ్యాపారులను కూడా పరిశీలించారు. తర్వాతి కాలంలో శిక్షణ పొందినవారు కొత్త వ్యాపారాలు మొదలుపెట్టడంలోనూ, పెట్టుబడి పెంచడంలోనూ, మరికొందరికి పని కల్పించడంలోనూ శిక్షణ లేనివారికంటే ముందున్నారని ఆ అధ్యయనం తేల్చింది. 1969లో ఇది పుస్తకంగా కూడా వచ్చింది.

ఆ శిక్షణలో ఒక ఆట ఉండేది. నేలమీద ఒక మేకు నిలబెట్టి దానిమీదికి రింగులు విసరమనేవారు. ఎంత దూరాన నిలబడాలన్నది ఆడేవారి ఇష్టం. మేకు పక్కనే నిలబడితే ప్రతి రింగూ పడుతుంది కాని అందులో గొప్పేమీ లేదు; మరీ దూరం వెళితే పడినా అది అదృష్టమే. కష్టపడితే సాధ్యమయ్యే దూరాన్ని తానే ఎంచుకుని, రింగు పడని ప్రతిసారీ కొంచెం సర్దుకునేవాడు పారిశ్రామికవేత్త స్వభావానికి దగ్గరగా ఉంటాడని మెక్లెలాండ్ భావన. తెగువ అంటే కళ్లు మూసుకుని దూకడమని నమ్మే పిల్లలకు ఈ ఒక్క ఆట ఒక గంట ఉపన్యాసం కంటే ఎక్కువ నేర్పుతుంది. మొదటి తరగతిలోనే ఆడించండి.

ఆ అధ్యయనంలో మీకు అన్నిటికంటే పనికొచ్చే విషయం మరొకటి ఉంది. శిక్షణ పొందినవారిలో, తమ వ్యాపారంలో నిర్ణయం తీసుకునే అధికారం తమ చేతిలోనే ఉన్నవారిలో మార్పు బలంగా కనిపించింది. ఆ అధికారం లేనివారు అదే శిక్షణ పొందినా ఫలితం అంతగా లేదు. మన కళాశాలల్లో లోపం ఇక్కడే ఉందని నా గట్టి అభిప్రాయం. విద్యార్థికి ఏ నిర్ణయమూ అప్పగించకుండా, ఒక్క రూపాయి లెక్కకు కూడా బాధ్యుణ్ని చేయకుండా, నిర్ణయాలు తీసుకునేవారి లక్షణాలను మాత్రం పది మార్కుల ప్రశ్నగా అడుగుతున్నాం.

కాబట్టి సిలబస్‌లోని ప్రాజెక్టు నివేదికను చివరి నెలకు వదిలేయకుండా మొదటి వారానికే తీసుకురండి. నలుగురేసి జట్లుగా విడదీసి, ఏ సమస్య ఎంచుకోవాలో, ఎవరిని కలవాలో, ఎప్పుడు దారి మార్చుకోవాలో వారికే వదిలేయండి. అమెరికాలో పారిశ్రామికవేత్త స్టీవ్ బ్లాంక్ 2011లో స్టాన్‌ఫోర్డ్‌లో మొదలుపెట్టిన కోర్సు ఈ పద్ధతిలోనే నడుస్తుంది. అదే ఏడాది అక్కడి జాతీయ సైన్స్ ఫౌండేషన్ దాన్ని శాస్త్రవేత్తల జట్లకోసం స్వీకరించి, ఏడు వారాల్లో కనీసం వందమంది వినియోగదారులతో మాట్లాడాలనే నియమం పెట్టింది. మీ పిల్లలకు వందమంది అక్కర్లేదు, పాతికమందిని శ్రద్ధగా కలిసినా చాలు.

ఎలా అడగాలో మాత్రం మీరు దగ్గరుండి నేర్పాలి. మీ జిల్లాలో ఏదో ఒక జట్టు తప్పకుండా రొయ్యల చెరువుకు ఆక్సిజన్ సెన్సర్ చేస్తామంటుంది. వాళ్లు రైతు దగ్గరికి వెళ్లి, “ఇలాంటి పరికరం చేస్తే కొంటారా?” అని అడిగితే, పిల్లల మనసు కష్టపెట్టడం ఇష్టంలేక ఆయన “కొంటాం బాబూ” అంటాడు. ఆ మాటను నమ్ముకుని సెమిస్టర్ అంతా సర్క్యూట్ బిగిస్తారు. అలా కాకుండా, “కిందటిసారి చెరువులో ఆక్సిజన్ పడిపోయినప్పుడు మీకు ఎలా తెలిసింది, అప్పుడు ఏం చేశారు, ఎంత ఖర్చయింది?” అని జరిగిపోయిన సంగతి అడిగితే మాట వేరేగా వస్తుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందని ఆయనకు ఎప్పటినుంచో తెలుసు, అందుకే రాత్రంతా నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు తిప్పుతాడు. అర్ధరాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగిన సంగతి కాపలా మనిషికి ఆలస్యంగా తెలియడమే ఆయన అసలు బాధ కావచ్చు. అదే నిజమైతే కావలసింది ఖరీదైన సెన్సర్ కాదు, మోటారు ఆగిన క్షణాన ఫోను మోగించే చిన్న పరికరం. ఈ తేడాను గట్టుమీద నిలబడి తెలుసుకున్న విద్యార్థి దాన్ని మరిచిపోడు.

మార్కులు కూడా దీనికి తగ్గట్టే ఉండాలి. ఎవరిని కలిశారు, వారు ఏమన్నారు, దాంతో తమ ఆలోచన ఎలా మారింది అని రాసుకున్న నోటుపుస్తకానికి సగం మార్కులు కేటాయించండి. ఆధారాలు చూపించి తమ ఆలోచనను తామే విరమించుకున్న జట్టుకు, అందంగా స్లయిడ్లు చేసిన జట్టుకంటే తక్కువ మార్కులు రాకూడదు. కళాశాల ఒప్పుకుంటే జట్టుకు రెండు వేల రూపాయలు ఇప్పించి, పైసాతో సహా లెక్క రాయించండి. అమెరికాలోని బాబ్సన్ కళాశాల మొదటి సంవత్సరం విద్యార్థులకే సొమ్ము అప్పుగా ఇచ్చి నిజమైన వ్యాపారం నడిపించింది, వచ్చిన లాభాన్ని సేవా సంస్థలకు ఇప్పించింది. మొత్తం చిన్నదైనా, సొమ్ము నిజమైనదైతే మాటల్లో జాగ్రత్త దానంతట అదే వస్తుంది.

ప్రశ్న: ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితోనే చదువు ఆపేశారు. అటువంటివారిని చూశాక, ఆవిష్కరణ నేర్పడానికి విశ్వవిద్యాలయాలు ఎందుకు అనిపిస్తోంది. మీరేమంటారు? – ఒక చేనేత కుటుంబ పాఠకుడు, యాదాద్రి భువనగిరి జిల్లా

జవాబు: పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే మేకుల చుట్టూ దారాన్ని వేలసార్లు చేత్తో తిప్పాలి. తల్లి లక్ష్మి గారి భుజాల నొప్పి చూడలేక మల్లేశం గారు 1992లో యంత్రం పని మొదలుపెడితే, అది పూర్తయ్యేసరికి 1999 వచ్చింది. చీరకు నాలుగైదు గంటలు పట్టే పని దానివల్ల గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ దక్కింది.

ఆ ఏడేళ్లను కాస్త దగ్గరగా చూడండి. యంత్రంలో ఒక కదలిక కుదరక పని ఆగిపోయింది. బతుకుతెరువుకు హైదరాబాద్ వచ్చి, బాలానగర్‌లో ఒక యంత్రం పనితీరును గమనించాక గాని ఆయనకు పరిష్కారం తట్టలేదు. ఆ కదలికను వివరించగల మెకానికల్ అధ్యాపకుడు, అలాంటి యంత్రాలున్న వర్క్‌షాప్ మన కళాశాలల్లో అప్పుడూ ఉన్నాయి. సమస్య తెలిసినవారికి ఆ తలుపులు తెరిచి లేవు, తలుపుల లోపల ఉన్నవారికి సమస్య తెలియదు. కాబట్టి విశ్వవిద్యాలయం అక్కర్లేదని నేను అనలేను. నేతన్న, రైతు, మెకానిక్ తమ సమస్యతో లోపలికి వచ్చి విద్యార్థులతో కలిసి కూర్చునే ఏర్పాటు ప్రతి కళాశాలలోనూ ఉండాలని మాత్రం గట్టిగా కోరుకుంటాను. హైదరాబాద్ నుంచి పల్లె సృజన సంస్థ శోధయాత్రల పేరుతో గ్రామాలకు వెళ్లి ఇలాంటివారిని వెతుకుతోంది. మీ దగ్గరి కళాశాల విద్యార్థులను ఒక్కసారి మీ మగ్గం దగ్గరికి పిలవండి.

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కళాశాల ల్యాబ్‌లో మేము చేసిన పరికరంతో స్టార్టప్ పెట్టాలనుకుంటున్నాం. చదువు మానేయాలా? పరికరం మీద హక్కు ఎవరిది? – ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: చదువు మానేయకండి. విద్యార్థులు స్టార్టప్ పని కోసం సెమిస్టర్ లేదా ఏడాది విరామం తీసుకుని మళ్లీ చేరేందుకు అవకాశమివ్వాలని కేంద్ర విద్యాశాఖ 2019లో తెచ్చిన జాతీయ ఆవిష్కరణ, స్టార్టప్ విధానం సంస్థలకు సూచిస్తోంది. మీ కళాశాల దాన్ని ఆమోదించిందా లేదా అని ప్రిన్సిపాల్ గారిని రాతపూర్వకంగా అడగండి. ఉద్యోగానుభవం తర్వాత సంస్థ పెట్టడం కూడా మంచి దారే. బస్సు టికెట్ల సంస్థ రెడ్‌బస్ పెట్టిన ఫణీంద్ర సామా, రాకెట్ల సంస్థ స్కైరూట్ స్థాపించిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా ముందు ఉద్యోగాలు చేసినవారే.

హక్కు సంగతికొస్తే, కళాశాల సౌకర్యాలను, నిధులను గణనీయంగా వాడుకుని చేసిన ఆవిష్కరణపై కళాశాలకూ మీకూ ఉమ్మడి హక్కు ఉంటుందని అదే విధానం చెబుతోంది. సొంత సమయంలో, సొంత ఖర్చుతో చేసినది మీది. ఏ పరికరం ఎప్పుడు, ఎక్కడ, ఎవరి డబ్బుతో చేశారో తేదీలతో ఇప్పటినుంచే రాసి పెట్టుకోండి. పేటెంట్ దరఖాస్తు వేయకముందు పోటీల్లోనూ సోషల్ మీడియాలోనూ పరికరం వివరాలు బయటపెట్టకండి. 2021లో మారిన నిబంధనల ప్రకారం విద్యాసంస్థలకు పేటెంట్ రుసుములో 80 శాతం తగ్గింపు ఉంది, వ్యక్తులు చెల్లించే రుసుమూ అంతే కనుక, ఉమ్మడి హక్కే అయి దరఖాస్తు కళాశాలతో కలిసి వేసినా ఆ రుసుము పెరగదు. సంతకాలు పెట్టేముందు, లాభంలో వాటా ఎంతో ఒప్పందంలో స్పష్టంగా రాయించుకోండి.