దయచేయండి అన్న పాపానికి

చిట్టితల్లికి,

నీకు ఆదోని వైపు పల్లెటూరి బ్రాంచిలో పోస్టింగ్ వచ్చిందని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మన ఇంట్లో నా తర్వాత బ్యాంకులో చేరుతున్నది నువ్వే. మీ అత్తయ్యను నిద్ర లేపి మరీ చెప్పాను. ఆ తర్వాత నాకే నిద్ర పట్టలేదు.

క్యాష్ రెండుసార్లు లెక్కపెట్టు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకు, మేనేజర్ అడిగినా సరే. ఎండాకాలం మజ్జిగ మానకు. ఇవన్నీ నీకు తెలిసినవే. నా భయమల్లా నీ నోటి గురించి.

నువ్వు ఎవర్నీ తిట్టవు, నాకు తెలుసు. కోపం వచ్చేకొద్దీ నీ మాట మెత్తబడుతుంది. ‘అలాగేనండి, మీ ఇష్టమండి’ అంటావు. మొన్న సంక్రాంతికి తమ్ముణ్ణి ‘మీరు’ అన్నావు చూడు, వాడు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఈ విద్య నీకు నా నుంచే వచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

మన కోనసీమలో మాట చివర ‘అండి’ తగిలించకపోతే తిన్నది అరగదు. అక్కడ ‘ఏం సారూ, బాగుండావా?’ అంటారు. సారూ అంటూనే నువ్వు అంటారు. అది చులకన కాదు, నిన్ను ఇంటిమనిషిని చేసుకోవడం. పెద్దావిడని ‘ఆయమ్మ’ అంటే గౌరవంగా అన్నట్టే. నేను ఆ వైపు బ్రాంచిలోనే ఉద్యోగంలో చేరిన వారంలోనే అటెండరు వచ్చి ‘మేనేజరు పోయినాడు సార్’ అన్నాడు. నాకు కాళ్ళు ఆడలేదు. తీరా చూస్తే ఆయన భోజనానికి ఇంటికి వెళ్ళాడు!

ఇక నేను చేసిన ఘనకార్యం. 1983లో, నాకు 23 ఏళ్ళు. అప్పట్లో కౌంటర్ పదింటి నుంచి రెండింటి దాకానే. రెండు కావస్తుండగా తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన, గుడ్డలో చుట్టిన పాస్‌బుక్ విప్పుతూ, ‘సారూ, రెండు నూర్లు కావల్ల, బిరీన ఇయ్యి’ అన్నాడు. లెడ్జర్ కుదరక అప్పటికే చిరాగ్గా ఉన్నాను. ఆ ‘ఇయ్యి’ చెంపమీద కొట్టినట్టు తగిలింది. వేలిముద్ర ఖాతా పెద్దాయనా, నిన్ను గుర్తుపట్టే మనిషి కావాలి, టైమైపోతోంది, రేపు రా అని చెప్పొచ్చు. నేను చెప్పలేదు. రెండు చేతులూ జోడించి ‘తమరిక దయచేయండి’ అన్నాను. పక్క కౌంటర్లో మన జిల్లా కుర్రాడే ఉండేవాడు, కిసుక్కున నవ్వాడు.

దయచేయడం తమాషా మాట. రండి అనడానికీ అదే, ఇక పొమ్మనడానికీ అదే. తేడా అంతా గొంతులో ఉంటుంది. ఆ ముసలాయన ఆ మాట విన్నది తెల్లవార్లూ ఆడే నాటకాల్లో, రాజులు మునులకి ఆసనం చూపించేటప్పుడు. ముఖం ఇంత చేసుకుని, వెళ్ళి గోడపక్క బెంచీ మీద పంచె సర్దుకుని కూర్చున్నాడు.

నేను మళ్ళీ అటువైపు చూడలేదు.

ఐదున్నరకి తాళాలు వేయబోతూ అటెండరు, ‘ఏం పెద్దాయనా, ఇంకా ఉండావు?’ అన్నాడు. ‘సారు దయచేయమన్నాడప్పా, కూచున్నా.’ కూతురికి నొప్పులట. ఊరికి ఆఖరి బస్సు నాలుగింటికే వెళ్ళిపోయింది. మూడున్నర గంటలు మంచినీళ్ళు కూడా అడగలేదు. అంత మర్యాద చేసిన సారుని మళ్ళీ కష్టపెట్టడం బాగుండదనుకున్నాడట.

క్యాష్ అప్పటికే లోపల పెట్టేశారు. నేనూ అటెండరూ జేబులు దులిపితే 140 రూపాయలు వచ్చాయి. మిగతా 60 ఎదురు టీకొట్టతను సర్దాడు. ముసలాయన ఊరికే తీసుకోలేదు, కాయితం అడిగి వేలిముద్ర వేశాడు. అటెండరు సైకిల్ మీద దింపి వచ్చాడు. నేను రూముకి వెళ్ళి అన్నం వండుకోలేదు.

ఎనిమిదో రోజున వచ్చాడు. మనవరాలు పుట్టిందట. కౌంటర్ ముందు నిటారుగా నిలబడి, బ్యాంకంతా వినేలా, ‘సారూ, దయచేసినా!’ అన్నాడు. ఆ మాట ఎవరూ తన గురించి తాను అనుకోకూడదు కదా. పక్క కౌంటర్ కుర్రాడు ఈసారి నవ్వలేదు. అసలు సంగతి ఆయనకి నేను ఎప్పుడూ చెప్పలేదు. చెబితే నా మనసు తేలికపడేది, ఆయన దగ్గరున్న ఆ ఒక్క మర్యాదా పోయేది. చెప్పాల్సిందేమో, ఇప్పటికీ తేల్చుకోలేదు.

అప్పట్నుంచే నాకు నిఘంటువులు తిరగేసే పిచ్చి పట్టుకుంది. మర్యాదంటే సంస్కృతంలో అసలు హద్దు. సముద్రం కట్ట దాటకపోవడం దాని మర్యాద. మన్నించడమంటే గౌరవించడమూ, తప్పు కాయడమూ కూడా. మీ అత్తయ్య ఇదంతా చాదస్తమంటుంది. ఎక్కడి నుంచో వచ్చి తెలుగు నేర్చుకుని, 1852లో నిఘంటువు అచ్చువేసిన బ్రౌన్ దొరకి లేని చాదస్తమా నాది!

అన్నట్టు, రికవరీకి పంపిస్తారు నిన్ను. ‘మర్యాదగా కట్టండి’ అని మాత్రం అనకు. ఆ ‘గా’ తగిలిందంటే మర్యాద కాస్తా కర్ర పట్టుకుంటుంది. పొలంలో అప్పు గురించి అడిగేముందు వాన గురించి అడుగు.

బెంచీ కనిపించేలా నీ కుర్చీ వేయించుకో. మంచినీళ్ళ కుండ బెంచీ దగ్గర పెట్టించు.

వెళ్ళేలోపు తమ్ముడికి ఫోన్ చేసి ‘ఒరేయ్’ అను. వాడింకా అలిగే ఉన్నాడట.

మీ పెద్దమావయ్య